పతిసేవ అని ఊరుకుంటే సరా?

సింగరేణిలో రిటైరైన మా ఆయనకు మూడేళ్ళుగా డిమెన్షియా. మంచిర్యాలలో ఇద్దరమే ఉంటాం. అర్ధరాత్రి లేచి "ఫస్ట్ షిఫ్టుకు టైమైంది, టిఫిన్ కట్టు" అంటారు. రిటైరయ్యారు కదా అంటే కోపం. "ఇయ్యాల సెలవు" అంటే మళ్ళీ పడుకుంటారు. ఈ కిటుకు ఏ డాక్టరూ చెప్పలేదు. జేబు లోపల ఫోన్ నంబరు కుట్టడమూ నేనే నేర్చుకున్నా.

చూడవచ్చినవాళ్ళు "పతిసేవ, పుణ్యం" అనేసి చాయ్ తాగి పోతారు. "రెండు గంటలు నేను కూసుంటా, నువ్వు కొంచెం నిద్రపో" అన్నవాళ్ళు లేరు. అదే భార్యకొస్తే? భర్త చేత సేవ చేయించరు, కోడలినో కూతురినో పిలుస్తారు. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో ఒక అధ్యయనం అంచనా కట్టింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువట! పతిసేవ అనేవాళ్ళు దీనికేమంటారు?

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే సలహా చెబుతారు. మంచిదే. కానీ నాకు కావలసింది మనిషి. పిల్లలకు అంగన్‌వాడీ ఉన్నట్టు, ఇలాంటి పెద్దవాళ్ళను పగటిపూట చూసుకునే చోటు ఊరికొకటి ఎందుకుండకూడదు? అందాకా వంతులేసుకుందామని మా మహిళా సంఘంలో అడిగాను. ఇద్దరు సరేనన్నారు.