చెత్త డబ్బాకు తాళం సరే, ఎవరి మీద?

అమెరికాలో మనవాళ్ళు ఓటర్లు కాకముందే పాలకులయ్యే చోటు ఒకటుంది. అదే హెచ్‌ఓఏ బోర్డు. సాధారణంగా దానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు, గ్రీన్ కార్డు కూడా అక్కర్లేదు, ఇల్లు కొంటే చాలు. రెడ్‌మండ్ చుట్టుపక్కల కమ్యూనిటీల్లో ఈ బోర్డుల మీద మనవాళ్ళు బాగానే కనిపిస్తున్నారు. సంతోషమే! అయితే పదవితో పాటు నిర్ణయాలు కూడా వస్తాయి. పెద్దగా ఆలోచించకుండా అందరూ చెయ్యెత్తి ఓటేసే తీర్మానం ఒకటుంది: "మన డంప్‌స్టర్‌ని బయటివాళ్ళు వాడుతున్నారు, తాళం వేద్దాం." చంద్రబాబు, జగన్, రేవంత్‌ల మీద తెల్లవార్లూ వాదించుకోగల మనం దీని మీద అయిదు నిమిషాలు కూడా వాదించం.

మిత్రులారా, ఆ అయిదు నిమిషాలు ఇక్కడ వాదిద్దాం.

"బయటివాళ్ళు" అన్న ఒక్క మాటలో నలుగురిని కలిపి కట్టేస్తున్నాం. ఒకటి, అడవిలోంచి వచ్చే ఎలుగుబంటి. రెండు, పాత పరుపులు, సోఫాలు తెచ్చి పారేసిపోయే పెద్దమనిషి. మూడు, మన బ్యాంకు కాగితాల కోసం వెతికే దొంగ. నాలుగు, మనం పారేసిన తిండో, డబ్బాలో ఏరుకునే మనిషి. ఈ నలుగురికీ కలిపి హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక తాళంకప్ప తెచ్చి తగిలిస్తున్నాం. నా వాదన ఒక్కటే. ఆ తాళం మొదటి ముగ్గురినీ ఆపలేదు. ఆపేది నాలుగో అతన్నే. అంటే మనం ఓటేస్తున్నది అతని మీద!

ముందు ఎలుగుబంటి సంగతి. యూనియన్ హిల్, నావెల్టీ హిల్ వైపు ఉండేవాళ్ళకి ఇది కథ కాదు. వాషింగ్టన్ రాష్ట్రం 2012లో చట్టమే చేసింది. ఎలుగుబంట్లు, కూగర్ల వంటి జంతువులకు నిర్లక్ష్యంగా తిండి అందుబాటులో ఉంచినా అది మన తప్పే. కాబట్టి ఇక్కడ తాళం అవసరమే. కానీ ఏ తాళం? మామూలు ప్లాస్టిక్ మూతకు ఎంత గట్టి కప్ప వేసినా ఎలుగు మూలల్లోంచి మూతనే వంచి లేపేస్తుంది. దానికోసం ప్రత్యేకంగా చేసిన డబ్బాలున్నాయి. మోంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్‌లో వాటిని నిజం ఎలుగుబంట్లకే ఇచ్చి గంటసేపు పరీక్ష చేస్తారు. గట్టెక్కిన వాటికి ఇంటర్‌ఏజెన్సీ గ్రిజ్లీ బేర్ కమిటీ గుర్తింపు ఇస్తుంది. కొనేటప్పుడు అడగాల్సింది ఆ గుర్తింపు, తాళం బరువు కాదు.

ఇక పరుపులు పడేసేవాడు. అతను మూత తీసి లోపల పెట్టడానికి రాలేదు, వదిలించుకోవడానికి వచ్చాడు. తాళం వేస్తే పరుపు డబ్బాలో కాకుండా డబ్బా పక్కన ఉంటుంది. తేడా అంతే! ఈ పాఠం మనకు హైదరాబాద్ ఎప్పుడో నేర్పింది. 2015 నవంబరులో ఇంటింటి చెత్తకు స్వచ్ఛ ఆటోలు తెచ్చారు. ఆ తర్వాత "బిన్ ఫ్రీ" నగరం అంటూ వీధుల్లో డబ్బాలు ఎత్తేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆటో రాని రోజున, ఆటో వేళకు ఇంట్లో లేనివాడి చెత్త గాలిలో కలిసిపోలేదు. పాత డబ్బా ఉన్న మూలకే వచ్చి పడింది. డబ్బా మూసినంత మాత్రాన చెత్త ఆగదు, చోటు మారుతుంది. ఇక్కడ నిజంగా ఫలితమిచ్చేవి వేరు: డబ్బాల చుట్టూ గోడా గేటూ, మంచి లైటు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళకి పెద్ద సామాను పికప్ ఎలా బుక్ చేసుకోవాలో, కౌంటీ ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఎక్కడుందో చెప్పే ఒక కాగితం. నిజం చెప్పుకోవాలంటే, ఆ పరుపు మన కమ్యూనిటీలోంచే అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్ళది కూడా కావచ్చు.

మూడోది కాగితాల దొంగ. రెడ్‌మండ్‌లో పనిచేసేవాళ్ళకి 2000 నాటి గొడవ గుర్తుండే ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌ను సమర్థించే ఒక సంఘం చెత్త కోసం, ఒరాకిల్ తరఫున పనిచేసిన డిటెక్టివ్ సంస్థ వాషింగ్టన్ డీసీలో ఆఫీసు ఊడ్చేవాళ్ళకి 1,200 డాలర్ల దాకా ఇవ్వజూపిందని బయటపడింది. లారీ ఎల్లిసన్ సిగ్గుపడలేదు సరికదా, బాహాటంగా సమర్థించుకున్నారు. అక్కడ ఎవరూ తాళం పగలగొట్టే ప్రయత్నం చెయ్యలేదు, తాళంచెవి ఉన్నవాళ్ళని కొనబోయారు. రహస్యం కాపాడేది డబ్బా తాళం కాదు, ఇంట్లో ఉండే ష్రెడ్డర్.

చట్టం కూడా చూద్దాం. వీధిలో పెట్టిన చెత్తకు గోప్యత లేదని 1988లో గ్రీన్‌వుడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కానీ 1990లో బోలాండ్ కేసులో మన వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం చెత్త డబ్బా కూడా మనిషి సొంత వ్యవహారమేనంది. తిండి పదార్థాలు పారేశారా అని వారంట్ లేకుండా డబ్బాల్లోకి తొంగిచూసే సియాటిల్ పద్ధతి చెల్లదని 2016లో కింగ్ కౌంటీ కోర్టు చెప్పింది కూడా ఈ దారిలోనే. అంటే పోలీసుల నుంచి మనకు రక్షణ ఇచ్చింది న్యాయం, ఇనుము కాదు.

ఇక మిగిలింది నాలుగో మనిషి. అతను ఎలుగులా మూత వంచలేడు, దొంగలా ఎవరినీ కొనలేడు. తాళం చూసి వెళ్ళిపోతాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం తెలివితక్కువ. ఎలుకని వదిలేసి పిచ్చుకని కొట్టడం అంతకంటే తెలివితక్కువ!

"అయ్యా, తాళం అతని మేలు కోసమే. డంప్‌స్టర్‌లో పడుకున్నవాళ్ళు లారీలో పడి నలిగిపోయిన సంఘటనలు లేవా?" అంటారు. ఉన్నాయి. ఇది బలమైన వాదన, కొట్టిపారెయ్యను. లోపల మనిషి లేడని చూసుకుని, ఆ పెద్ద డబ్బాకు రాత్రిపూట తాళం వేయండి, తప్పు లేదు. కానీ ఆ దయ తాళంతోనే ఆగిపోతే అది దయ కాదు. దీర్ఘకాలంగా ఇల్లు లేనివారి కోసం ప్లిమత్ హౌసింగ్ కట్టదలచిన వంద ఇళ్ళ భవనాన్ని 2024లో కెన్‌మోర్ కౌన్సిల్ కాదంది. రెడ్‌మండ్ తీసుకుంటానంది. అప్పుడు ఈస్ట్‌సైడ్‌లో ఎంత గగ్గోలు పుట్టిందో చూశాం. డబ్బాలో పడుకోవద్దు, ఇంట్లోనూ పడుకోవద్దు, మరెక్కడ పడుకోవాలి? ఈ రెండో ప్రశ్నకు జవాబివ్వనివాళ్ళకి మొదటిదాని మీద కన్నీళ్ళు కార్చే హక్కు లేదు.

తినగలిగే తిండి చెత్తలో పడకుండా చూడటం అసలు పని. మంచి మనసుతో తిండి దానం చేసేవాళ్ళకి కేసుల భయం లేకుండా 1996 నుంచే ఫెడరల్ చట్టం ఉంది. ఫ్రాన్స్ 2016లో ఇంకో అడుగు వేసింది: పెద్ద సూపర్‌మార్కెట్లు తినదగ్గ సరుకును కావాలని పాడుచేసి పారెయ్యకూడదంది. మన ఉగాది, దసరా సంబరాల్లో మిగిలిన బిరియానీ ట్రేలు ఎక్కడికి పోతున్నాయో సంఘాల పెద్దలు ఒకసారి చెప్తే బాగుంటుంది.

కనుక వచ్చే మీటింగులో తాళం తీర్మానం వస్తే ఈ ప్రశ్నలు అడగండి. ఏ సమస్యకి ఈ తాళం? డబ్బా ఎవరిది? చెత్త కంపెనీదైతే వాళ్ళ అనుమతి లేకుండా రంధ్రం పెట్టకూడదు. తీసేదెవరు? చక్రాల డబ్బాకైతే గ్రావిటీ తాళం మేలు, లారీ ఎత్తి తలకిందులు చేసినప్పుడు గడియ దానంతట అదే విడుతుంది. మామూలు కప్ప వేస్తే పికప్ రోజు పొద్దున్నే తియ్యాలి, మరిచిపోతే ఆ వారం చెత్త మనింట్లోనే. పెద్ద డబ్బాకు మూతల మీద అడ్డంగా పడే బారు, డ్రైవర్ దగ్గర కూడా తాళంచెవి ఉండాలి. నంబర్ల తాళమైతే నెల తిరిగేసరికి ఆ నంబరు ఊరందరికీ తెలుస్తుంది. మన వానలకు తుప్పు పట్టనిదై ఉండాలి. కీళ్ళనొప్పులున్న అమ్మానాన్నలు ఒంటిచేత్తో తియ్యగలిగేదై ఉండాలి. మూత మూతపడనంతగా నిండే డబ్బాకు ఏ తాళమూ పనిచెయ్యదు, దానికి మందు ఇంకో డబ్బా.

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికితే తాళం వేయండి, నేనూ చెయ్యెత్తుతాను. దొరక్కపోతే ఆ తాళం చెత్త కోసం కాదు, మనకు నచ్చని మనిషి కోసం. అది తీర్మానంలో రాయడానికి బోర్డు సిగ్గుపడితే, ఓటేయడానికి మనమూ సిగ్గుపడాలి.