ముప్పై ఏడవ నంబరు

ఈ శీర్షికన ఇంతవరకు పెరటి తోటలను గురించి, పిల్లల చదువులను గురించి, పదవీ విరమణానంతరం చేసిన యాత్రలను గురించి పాఠకులతో ముచ్చటించాము. ఈ పర్యాయం ఒక యంత్రాన్ని గురించి చెప్పదలచాము. అది బజారులో కొన్నది కాదు. 2002వ సంవత్సరంలో కిరందుల్ టౌన్‌షిప్‌లోని మా క్వార్టరు వరండాలో, మేమూ, విద్యుత్ నిర్వహణ విభాగంలో పనిచేసే మిత్రులొకరూ కలిసి మూడు నెలలపాటు శ్రమించి తయారుచేసుకున్న పాటల పెట్టె అది. కంప్యూటరులో ఉండే హార్డ్ డిస్క్‌ను మా పాత మారుతి 800 కారులో అమర్చి, అందులోనుండి పాటలు వినాలన్నది మా సంకల్పం. జేబులోని ఫోనులో వేల పాటలు మోసుకుని తిరిగే నేటి పిల్లలకు ఇది నవ్వు తెప్పించవచ్చు. నవ్వుకోనిద్దాము.

బైలడిల్లా కొండలలో 1968లో ఇనుప ఖనిజపు గని మొదలైన నాటినుండి అక్కడ తెలుగు కుటుంబాలు ఉంటూనే ఉన్నాయి. ఖనిజం రైలెక్కి విశాఖ రేవుకు దిగేది. మనుషులు విశాఖ, విజయనగరం ప్రాంతాలనుండి రైలెక్కి కొండపైకి వచ్చేవారు. కొత్తవలస నుండి కిరందుల్ వరకు 440 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ మార్గమే మాకు పుట్టింటి దారి. మేము ఉద్యోగంలో చేరిన నాటికి అది మధ్యప్రదేశ్‌లోని అవిభక్త బస్తర్ జిల్లా. 1998లో దంతెవాడ జిల్లా వేరుపడింది, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది; మేము మాత్రం అదే క్వార్టరులో ఉన్నాము. జగదల్‌పూర్ ఆకాశవాణి హిందీలోను, హల్బీలోను పలికేది. తెలుగు వినాలంటే పొద్దుపోయాక మీడియం వేవ్ మీద విశాఖ కేంద్రాన్ని వెతుక్కోవలసిందే. అది కూడా అలలు అలలుగా దగ్గరకు వచ్చి, మంచి పట్టులో ఉండగా దూరమైపోయేది.

అందుచేత తెలుగు మా ఇళ్ళలోకి కాసెట్ల రూపంలో వచ్చేది. సెలవుకు వెళ్ళిన ప్రతివారూ నాలుగైదు కాసెట్లు తేవడం, వాటిని ఇల్లిల్లూ తిప్పి నకళ్ళు తీసుకోవడం ఆనవాయితీ. ఘంటసాల భగవద్గీత లేని క్వార్టరు ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. 2002 నాటికి మా అలమరాలో సరిగ్గా 90 కాసెట్లు ఉన్నాయి. వాటి స్థితి మాత్రం దయనీయం. గని ధూళి ఎంత సన్నటిదో అక్కడ కాపురం చేసిన గృహిణులకు చెప్పనక్కరలేదు. మడత పెట్టిన చీరల మధ్యకు చేరే ధూళికి కాసెట్ ఒక అడ్డా? టేపురికార్డరులో టేపు నలిగిపోయేది. పెన్సిలు గుచ్చి తిప్పుకుని, నలిగినచోట చేతితో సాపు చేసుకుని మళ్ళీ వినేవారము.

ఇక్కడ ఒక చిన్న విషయం. కాసెట్ టేపుకు పూసే ఆ గోధుమరంగు పొడి ఐరన్ ఆక్సైడ్. బైలడిల్లాలో తవ్వే హెమటైట్ కూడా ఐరన్ ఆక్సైడే. రసాయన సూత్రం ఒకటే, స్ఫటిక నిర్మాణం మాత్రం వేరు. ఆ భేదం వల్లనే హెమటైట్ అయస్కాంతానికి అంతగా లొంగదు, టేపు మీది పొడి బాగా లొంగుతుంది. తొలినాటి హార్డ్ డిస్కుల పళ్ళేలకూ ఈ పూతే వేసేవారు. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ తెచ్చిన మొట్టమొదటి డిస్క్ యంత్రంలో రెండడుగుల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచుకోగలిగింది 50 లక్షల అక్షరాలు. మన లెక్కన చెప్పాలంటే, నాలుగు నిమిషాల పాట ఒక్కటి.

ఇక మా ఉద్యమానికి ప్రేరణ. ఇంగ్లండులో ఎంపెగ్ అనే చిన్న సంస్థ 1999లో కారు స్టీరియో స్థానంలో ఇమిడే ఒక పెట్టెను అమ్మకానికి పెట్టింది. లోపల ల్యాప్‌టాప్‌లో వాడే చిన్న హార్డ్ డిస్క్, చిన్న ప్రాసెసరు, లైనక్స్. ధర సుమారు వెయ్యి డాలర్లు. ఆ సంస్థ చేతులు మారి, 2001లోనే ఆ పెట్టె ఉత్పత్తి ఆగిపోయింది. మా మిత్రుని కుమారుడు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ దాని వర్ణన ఎక్కడో చదివి తండ్రికి ఉత్తరం రాశాడు. మిత్రులు ఆ ఉత్తరం పట్టుకుని వచ్చి, “అన్నగారూ, ఇది మనం చేయలేమంటారా?” అన్నారు. అలా అడిగినవారికి కాదని చెప్పడం మా స్వభావంలో లేదు. వారి ఆశ పెట్టె మీద, మా ఆశ కాసెట్ల మీద.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన పెంటియం మదర్‌బోర్డు ఒకటి, 6 గిగాబైట్ల ల్యాప్‌టాప్ డిస్క్ ఒకటి సంపాదించాము. లెక్క ఇలా వేశాము: సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున ఎంపీ3గా మారిస్తే గంట సంగీతానికి 58 మెగాబైట్లు, గంటసేపు మోగే కాసెట్లు 90 కనుక మొత్తం 5 గిగాబైట్ల పైచిలుకు. అన్నీ పట్టి, కొంచెం మిగులుతుంది. అయితే కాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించడానికి దగ్గరి దారి లేదు. గంట కాసెట్‌కు గంట పట్టవలసిందే. రోజుకొకటి చొప్పున, భోజనాలైన తరువాత, మూడు నెలలు. మా ఇంట్లో ఆ మూడు నెలలూ టీవీ సీరియళ్ళకు ఎంత అంతరాయం కలిగిందో ఇక్కడ వ్రాయము.

యంత్ర నిర్మాణంలో మొదటి చిక్కు విద్యుత్తుతో వచ్చింది. కారు బ్యాటరీ 12 వోల్టులని పేరే గాని, ఇంజను నడిచేటప్పుడు 14 దాటుతుంది. స్టార్టు చేసే క్షణంలో 9కి, ఇంకా కిందికి పడిపోతుంది. మదర్‌బోర్డుకు, డిస్క్‌కు కావలసింది నిలకడగా 5 వోల్టులు. తొలుత మామూలు రెగ్యులేటర్లు పెట్టాము. ఒక ఆంపియరు తీసుకుంటే తొమ్మిది వాట్లు వేడిగా వృథా అయ్యేవి; పెట్టె మీద చేయి పెట్టిన మా చిన్నవాడు కెవ్వుమన్నాడు. మిత్రులు రెండు ఆదివారాలు కూర్చుని ఫెర్రైట్ చుట్టు మీద స్వయంగా తీగ చుట్టి స్విచింగ్ పద్ధతి కన్వర్టరు తయారుచేశారు. ఇంజను అందుకున్న తరువాతనే పెట్టెకు కరెంటు వెళ్ళేట్లు ఒక రిలే కూడా పెట్టారు.

రెండవ చిక్కు ధ్వనిలో వచ్చింది. పెట్టెలోని పాటను కాసెట్ ఆకారంలో ఉండే అడాప్టరు ద్వారా కారు టేపురికార్డరుకు అందించాము. పాటతోబాటు సన్నని ఈల! ఆక్సిలరేటరు తొక్కితే ఈల పైస్థాయికి పోయేది, వదిలితే దిగేది. శ్రుతి తప్పిన సన్నాయి మేళం ఒకటి కారులో మాతో ప్రయాణం చేస్తున్నట్లుండేది. ఆల్టర్నేటరు రొద ఎర్తు తీగలగుండా చొరబడుతున్నదని కనుగొనడానికి పది రోజులు పట్టింది. మధ్యలో చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి రెండు వైపుల ఎర్తులను విడదీయగానే ఈల ఆగిపోయింది. ఆ సాయంత్రం మా శ్రీమతి అడక్కుండానే ఉల్లిపాయ పకోడీలు వేశారు.

అన్నిటికన్న పెద్ద భయం డిస్క్‌ను గురించే. తిరిగే పళ్ళెం మీద అక్షరాలు చదివే ముల్లు పళ్ళేనికి తగలదు. వెంట్రుక మందంలో వెయ్యవ వంతు కూడా లేని గాలి పొర మీద తేలుతుంది. గుంత వచ్చి అది పళ్ళెం మీద పడితే అంతటితో సరి. దీనికి ఉపాయం మిత్రుని కుమారుడు చెప్పాడు. పాటలను 16 మెగాబైట్ల మేరకు ఒకేసారి మెమరీలోకి చదివేసుకుంటే 16 నిమిషాలు మోగుతాయి. అంతసేపూ డిస్క్ తిరగడం మాని ముల్లు పక్కకు ఒదిగి ఉంటుంది. అంటే గంటలో నాలుగుసార్లు, కొన్ని సెకన్లు తప్ప డిస్క్‌కు పనే లేదు. పెట్టెను నాలుగువైపులా స్పాంజి మీద కూర్చోబెట్టి ముందు సీటు కింద బిగించాము. డిస్క్ మూత మీద గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది. ధూళికి భయపడి దానిని మూయబోయిన మా చేతిని మిత్రులు పట్టుకుని ఆపారు. దానికి లోపల వడపోత ఉంటుందట, మూయరాదట.

తెర పెట్టే స్తోమత, ఓపిక రెండూ లేవు. అంకెలు మాత్రమే ఉండే చిన్న కీబోర్డు ఒకటి డాష్‌బోర్డుకు అంటించాము. కాసెట్లకు 1 నుండి 90 వరకు నంబర్లు వేసి ఒక నోటు పుస్తకంలో వ్రాసుకున్నాము. 14 నొక్కితే అన్నమయ్య, 61 నొక్కితే హరికథ. పిల్లలకు పదిహేను రోజులలో నంబర్లన్నీ కంఠస్థమయ్యాయి. ఎక్కాలు మాత్రం రాలేదు.

37వ నంబరు మా అమ్మగారిది. 1989లో ఆమె మా దగ్గరకు వచ్చి రెండు నెలలు ఉన్నప్పుడు, ఒక సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి పాడించుకున్న మంగళహారతులు, దంపుళ్ళ పాటలు. తంబురా లేదు, తాళం లేదు, ఒట్టి గొంతు. ఆమె 1996లో కాలం చేశారు. పెట్టె సిద్ధమైన తరువాత మొదటి ప్రయాణం విశాఖకే. జగదల్‌పూర్ దాటి, జయపురం, కోరాపుట్ మీదుగా పోయి, సాలూరు ఘాట్ దిగుతుండగా మా పెద్దమ్మాయి వెనుక సీటునుండి చేయి చాచి 3, 7 నొక్కింది. కారులో ఎవరూ మాట్లాడలేదు. కొండ దిగేవరకు నాయనమ్మ పాడుతూనే ఉంది.

మూడేళ్ళు ఆ పెట్టె చక్కగా పనిచేసింది. ఈ మూడేళ్ళలో మేము చేసిన తెలివితక్కువ పనులు రెండు. ఇంటి కంప్యూటరులో చోటు చాలక, అందులోని పాటలను చెరిపివేశాము. డిస్క్ ఉన్నది కదా అని ధీమా. అలమరాలో చోటు చాలక, కాసెట్లను పాత సామానులవానికి ఇచ్చివేశాము. ఇచ్చే ముందు మా శ్రీమతి అడ్డుపడి, మనుషుల గొంతులున్నవి నేను ఇవ్వనంటూ పేర్లు చూసి పదకొండు కాసెట్లు ఏరి తన ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. ఆ చాదస్తాన్ని చూసి మేము నవ్వాము కూడా.

2005 మే నెలలో జగదల్‌పూర్‌లో ఒక వివాహానికి వెళ్ళి, కారును ఎండలో నాలుగు గంటలు నిలిపాము. ఆ తరహా డిస్కులు పనిచేయవలసింది 55 డిగ్రీల లోపు వేడిలో. తలుపులు మూసిన కారులో, సీటు కింద, ఆనాడు ఎంత ఉండి ఉంటుందో పాఠకులే ఊహించగలరు. కాసేపు అద్దాలు దింపి చల్లబడనిస్తే సరిపోయేదేమో. తాళం తిప్పగానే పాట కావాలనిపించింది. టక్, టక్, టక్ మని మూడుసార్లు గోటితో కొట్టినట్లు శబ్దం వచ్చింది. తరువాత ఏ నంబరు నొక్కినా జవాబు లేదు. హైదరాబాదులో ఒక దుకాణంలో చూపిస్తే, పళ్ళెం గీసుకుపోయింది, ఆశ వదులుకోండన్నారు.

సినిమా పాటలు పోతే మళ్ళీ దొరికాయి. అవి లోకంలో వేలమంది దగ్గర ఉన్నాయి. దొరకనిది 52వ నంబరు. అది 1987లో, ప్రభవ నామ సంవత్సర ఉగాదినాడు, కిరందుల్‌లో మన తోటి ఉద్యోగులు జరుపుకున్న కవి సమ్మేళనం. పన్నెండుమంది చదివారు. వారిలో ఏడుగురు నేడు లేరు. ఆనాడు కొత్త కాసెట్ అందుబాటులో లేక, ఒక సినిమా పాటల కాసెట్ మీదనే రికార్డు చేశాము. పైన సినిమా పేరు అలాగే ఉండిపోయింది. మా శ్రీమతి పేర్లు చూసి ఏరుతున్నప్పుడు అది సినిమా గుట్టలోకి పోయింది. నోటు పుస్తకంలో 52కు ఎదురుగా మా దస్తూరితోనే ‘కవి సమ్మేళనం’ అని వ్రాసి ఉంది. ఆ పుస్తకం వారి చేతికి ఇవ్వాలని మాకు తోచలేదు.

ట్రంకు పెట్టెలోని పదకొండింటిలో 37 ఉంది. ఒకవైపు టేపు బూజు పట్టి గొంతు మూసుకుపోయింది, రెండవవైపు నిలిచింది. ఈమారు మిత్రులు ఎంపీ3 వద్దన్నారు. ఆ పద్ధతి, చెవికి వినబడదని తాను భావించిన ధ్వనులను వదిలివేసి పాటను కుదిస్తుంది. వాద్యాల హోరులో ఆ లోపం తెలియదు గాని, ఒట్టి గొంతు వద్ద బయటపడుతుంది. జర్మనీలో ఆ పద్ధతిని రూపొందించిన శాస్త్రజ్ఞుడు బ్రాండెన్‌బర్గ్, సుజాన్ వేగా అనే గాయని వాద్యం లేకుండా పాడిన పాటతోనే తన పనిని పరీక్షించుకున్నారట. మొదట్లో ఆ గొంతు ఘోరంగా వినిపించిందట. అందుచేత నిమిషానికి 10 మెగాబైట్ల చొప్పున, ఏదీ కుదించకుండా ఎక్కించాము. నకళ్ళు ముగ్గురు పిల్లల ఇళ్ళలోనూ ఉన్నాయి.

అలా ఎక్కించిన దానిని తీరికగా వింటుంటే, మూడవ హారతి వెనుక, చాలా దూరాన, ఖనిజం బండి కూత వినిపించింది. అమ్మ ఒక్క క్షణం ఆగి, కూత అయిన తరువాత అందుకున్నారు. కారులో అన్నిసార్లు విన్నప్పుడు ఆమె ఆ చోట ఊపిరి తీసుకున్నారనుకున్నాము.

1987 ఉగాది కాసెట్‌కు ఆ రోజులలో కనీసం నాలుగైదు నకళ్ళు తీసినట్లు జ్ఞాపకం. కిరందుల్‌లోనో, బచేలిలోనో పనిచేసి వచ్చిన కుటుంబాలవారు అటక మీది పెట్టెలు దించినప్పుడు, పైన సినిమా పేరున్న కాసెట్లను కూడా ఒక్కసారి మోగించి చూడవలసిందిగా ప్రార్థన. దొరికితే ఈ శీర్షిక పేరిట సంపాదక వర్గానికి తెలియజేయండి. టేపురికార్డరుతో సహా మేమే మీ ఇంటికి వస్తాము.