బొద్దు కుక్కకు మందు సీసా చాలదు

పొద్దున టీలో ముంచిన బిస్కెట్టు నాన్నగారు వేస్తారు. మధ్యాహ్నం మామ్మగారి పెరుగన్నం. సాయంత్రం పిల్లల చిప్స్. దాని గిన్నెలో తిండి ఎలాగూ ఉండనే ఉంటుంది. ఇక కుక్క లావెక్కక ఏం చేస్తుంది? 'ఎంత బొద్దుగా ఉందో!' అని మురిసిపోతాం. నాలుగు మెట్లెక్కి రొప్పుతుంటే అప్పుడు భయమేసి, 'డాక్టర్‌గారూ, ఏదైనా మందు రాయండి' అంటాం.

అలాంటి మందు ఒకసారి వచ్చింది కూడా. 2007 జనవరిలో ఫైజర్ కంపెనీ తయారుచేసిన 'స్లెంట్రాల్'ను అమెరికా ప్రభుత్వం అనుమతించింది. కుక్కల స్థూలకాయానికి అక్కడ అనుమతి పొందిన తొలి మందు అదే. పేగుల నుంచి కొవ్వు ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటుంది, ఆకలి తగ్గిస్తుంది. బరువు తగ్గిన మాట నిజమే. కానీ కొన్నిటికి వాంతులు, విరేచనాలు, నీరసం! కాలేయ జబ్బున్న కుక్కలకు పనికిరాదు. పిల్లులకు, మనుషులకు అసలే వద్దన్నారు. పైగా మందు ఆపితే ఆకలి మళ్లీ మామూలే. ఇప్పుడా మందు మార్కెట్లోనే లేదు.

మరి లావైతే వచ్చే నష్టమేమిటి? అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జీవితాంతం గమనించిన పరిశోధన 2002లో వెలువడింది. జతలో ఒకదానికి రెండోదానికన్నా పావువంతు తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. అంటే మనం ప్రేమగా వేసే అదనపు ముద్ద దాని ఆయుష్షులోంచి తీస్తున్నదే!

అన్నిసార్లూ తప్పు మనదే అనీ కాదు. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలి పెంచే జన్యులోపం ఉందని కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో కనుగొన్నారు. థైరాయిడ్ లోపించినా లావవుతాయి. అందుకే ముందు పశువైద్యునికి చూపించండి. ఇంట్లో ఎవరో వాడుతున్న బరువు తగ్గే మందు మాత్రం సొంతంగా ఇవ్వకండి.

పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. వేళ్లకు తగలకపోతే బరువు ఎక్కువైనట్టే. తిండి కొలిచి పెట్టే పని ఒక్కరికే అప్పగించండి, అదీ అమ్మకే కానక్కర్లేదు. చిరుతిళ్లు రోజు తిండిలో పదోవంతు దాటకూడదు. మూతి చాపి చూసినప్పుడు బిస్కెట్టు బదులు గొలుసు తీసుకుని వీధి చివరిదాకా నడిపించండి. దానికి కావలసింది చాలాసార్లు మన తోడే!