నాపరాయి సీమలో సిమెంటు ఇళ్ల సెగ

బేతంచెర్ల: గనిలో కోసి నునుపు పట్టిస్తే నాపరాయి. పొడిచేసి బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడికి గురిచేస్తే సిమెంటుకు మూలమైన క్లింకర్. రెండింటికీ ఆధారం సున్నపురాయే. నంద్యాల, కడప, తాడిపత్రి ప్రాంతాల్లో ఈ రెండు పరిశ్రమలూ ఇరుగుపొరుగున సాగుతున్నాయి. ఇళ్ల నిర్మాణంలో మాత్రం నాపరాయి నేల పరుపుకే పరిమితమైంది. గోడలు, పైకప్పులు సిమెంటు వశమయ్యాయి.

పర్యావరణ పరంగా ఈ మార్పు చిన్నది కాదు. టన్ను సిమెంటు తయారీలో దాదాపు 600 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అందులో సగానికి పైగా ఇంధనం వల్ల వచ్చేది కాదు. బట్టీలో సున్నపురాయి విచ్ఛిన్నమై వదిలేది. అందువల్ల బొగ్గు మానేసినంత మాత్రాన సమస్య తీరదు. సిమెంటు వాడకాన్నే తగ్గించాలి.

రాయలసీమ మిద్దెలు ఇందుకు భిన్నం. మందపాటి రాతి గోడలు, దూలాలు, దంతెల మీద చౌడు మన్ను కప్పు, గాలి వెలుతురులకు గవాక్షి వాటి ప్రత్యేకత. పగటి ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలేది. అయితే వాటిని ఆకాశానికెత్తనక్కరలేదు. ఏటా వానలకు ముందు చౌడు వేసుకోవలసిందే. జడివాన పట్టిన రోజున మిద్దె కూలి ప్రాణాలు పోయిన ఉదంతాలూ ఉన్నాయి. పేదలు స్లాబు ఇల్లు కోరుకున్నది అందుకే.

ఆ స్లాబే ఇప్పుడు వేసవిలో పరీక్ష పెడుతోంది. 2020 తర్వాత రాష్ట్రంలో చేపట్టిన కాలనీల్లో యూనిట్ వ్యయం 1.80 లక్షల రూపాయలు, ఇల్లు సుమారు 340 చదరపు అడుగులు. సన్నని గోడలు, నేరుగా ఎండ తగిలే కప్పు. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది.

నివాస భవనాల కోసం కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాల్లోని భవనాలకు ఉద్దేశించినది. అంటే 12 సెంట్లకు పైమాటే. గ్రామాల్లో పేదలకిచ్చిన స్థలమేమో సెంటున్నర! వేడి ఎక్కువగా అనుభవించే ఇల్లే నిబంధనకు అందకుండా పోయింది. తెలంగాణ 2023 నాటి చల్లని పైకప్పుల విధానం ఈ విషయంలో మెరుగు. ప్రభుత్వం నిర్మించే పేదల ఇళ్లను సైతం అది పరిధిలోకి తీసుకుంది.

రాతి గోడలకు తిరిగి వెళ్లడం తేలిక కాదు. అడుగున్నర మందం గోడ కడితే 340 అడుగుల్లో మిగిలేదెంత? పైగా రాతి పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. గోడలకు బూడిద ఇటుకలు దగ్గరి మార్గం. వాటికి బట్టీ అవసరం లేదు, ముడిసరుకైన బూడిద కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రంలో లభిస్తుంది. పైకప్పుకు చిక్కని తెల్లసున్నం రెండు పూతలు వేస్తే ఎండలో అధికభాగం వెనక్కి మళ్లుతుంది. వానలకు చెరిగిపోతుంది కనుక ఏటా మార్చిలో మళ్లీ వేయించాలి.