వేరుశనగ గింజ, ప్లాంక్ స్థిరాంకం

క్వాంటం అన్న మాటకు తెలుగులో ఇప్పుడు కరువు లేదు. ఆధ్యాత్మిక ప్రసంగాల్లో, వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో, చేతి ఫోన్లలో తిరిగే సందేశాల్లో అది తరచుగా తారసపడుతుంది. చూసేవాడు లేనిదే లోకం లేదని క్వాంటం శాస్త్రం తేల్చిందనీ, సమస్తమూ తరంగమే కనుక సంకల్పబలంతో దేన్నైనా మార్చవచ్చుననీ అంటారు. పుట్టపర్తి ప్రస్తావన వచ్చిందంటే ఈ చర్చ మరింత వేడెక్కుతుంది. ఒక పక్షం మహిమలకు క్వాంటాన్ని సాక్ష్యంగా పిలుస్తుంది. మరో పక్షం సైన్సు పేరు చెప్పి పరిహసిస్తుంది. రెండు పక్షాల్లోనూ కాగితం తీసి లెక్క కట్టినవారు మాత్రం బహు అరుదు.

నా అభిప్రాయం ఇది. క్వాంటం గురించి మాట్లాడదలచినవారు, ఏ పక్షంవారైనా సరే, డిగ్రీ పాఠ్యపుస్తకంలో ఆధునిక భౌతికశాస్త్రం తొలి అధ్యాయాల చివర ఉండే లెక్కలు ఓ పది చేసి రావాలి. అవి పరీక్షల కోసం పెట్టిన అలంకారాలు కావు. ఆ శాస్త్రం ఎక్కడ మొదలై ఎక్కడ నిశ్శబ్దమవుతుందో చెప్పే సరిహద్దు రాళ్లు అవే.

ఉదాహరణకు ఈ మెట్టసీమ పంటనే తీసుకుందాం. అర గ్రాము వేరుశనగ గింజను సెకనుకు ఒక మీటరు వేగంతో విసిరామనుకోండి. 1924లో డి బ్రాయ్ చెప్పిన సూత్రం ప్రకారం, ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. ఆ స్థిరాంకం విలువ 6.63 × 10⁻³⁴ జౌల్-సెకను. భాగహారం చేస్తే గింజ తరంగదైర్ఘ్యం సుమారు 1.3 × 10⁻³⁰ మీటర్లు. పరమాణు కేంద్రకం పరిమాణమే దాదాపు 10⁻¹⁵ మీటర్లు. గింజ తరంగం అందులో సుమారు వెయ్యి లక్షల కోట్లో వంతు మాత్రమే. సమస్తమూ తరంగమే అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ తరంగం గింజ విషయంలో ఏ పనీ చేయదు.

అదే సూత్రాన్ని 54 వోల్టులతో త్వరణం పొందిన ఎలక్ట్రానుకు వర్తింపజేయండి. జవాబు 0.167 నానోమీటర్లు. ఇది స్ఫటికంలో పరమాణువుల మధ్య ఎడంతో పోల్చదగినది. అందుకే 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికంపై ఎలక్ట్రానులను ప్రసరింపజేసి వాటి తరంగ స్వభావాన్ని కళ్లకు కట్టారు. సూత్రం ఒక్కటే, పరిమాణం మారగానే ఫలితం మారిపోయింది.

అనిశ్చితత్వ సూత్రానిదీ ఇదే కథ. మన గింజ స్థానాన్ని ఒక మైక్రోమీటరు వరకు కచ్చితంగా గుర్తించామనుకుందాం. దాని వేగంలో తప్పనిసరి అనిశ్చితి సెకనుకు 10⁻²⁵ మీటర్లు. విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లు. అంతకాలమూ ఆ వేగంతో జరిగినా గింజ కదిలేది తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. 0.1 నానోమీటరు చోటులో ఇరుకున్న ఎలక్ట్రానుకైతే ఆ అనిశ్చితి సెకనుకు 580 కిలోమీటర్లు: హైదరాబాదు నుంచి బెంగళూరుకు ఉన్న రోడ్డు దూరం ఒక్క సెకనులో! ఈ రెండు జవాబులను పక్కపక్కన చూసినవారు గింజకూ ఎలక్ట్రానుకూ ఒకే మాట చెప్పడానికి జంకుతారు.

కొలత అంటే ఏమిటన్న తాత్త్విక వివాదం ఇంకా ముగియలేదన్నది నిజమే. కానీ ఆ వివాదంలో నిలబడి మాట్లాడాలన్నా ముందు ఈ లెక్కలు చేతికి రావాలి.

భక్తికీ లెక్కకూ పొసగదని నేననడం లేదు. ఆ మాటకు జవాబు సూరి భగవంతం గారి జీవితమే. కృష్ణాజిల్లాలో 1909లో పుట్టిన ఆయన, 1931లో సి.వి.రామన్‌తో కలిసి కాంతి పరిక్షేపణపై ప్రయోగాలు చేసి, ఫోటానుకు స్పిన్ ఉందనడానికి ప్రయోగపూర్వకమైన రుజువు చూపుతూ పత్రం ప్రకటించారు. తరువాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు అయ్యారు. ఆయనే సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను సభల్లో ఇంగ్లీషులోకి అనువదించేవారు. ఆయన విశ్వాసాన్ని ఎవరైనా ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఫోటాను స్పిన్‌ను ఆయన విశ్వాసంతో నిరూపించలేదు, కొలిచి నిరూపించారు. పుట్టపర్తిలో 1981లో నెలకొన్న శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థలోనూ భౌతికశాస్త్ర విద్యార్థికి ప్రశ్నపత్రంలో మార్కులు వచ్చేది లెక్క తేలితేనే.

ఇక మన రచయితల సంగతి. తెలుగులో సైన్సు వ్యాసమంటే ఐన్‌స్టీన్ జుట్టూ, ష్రోడింగర్ పిల్లీ, నాలుగు ఆశ్చర్యార్థకాలూ అయిపోయింది. లెక్క కనబడితే పాఠకుడు పారిపోతాడని మన భయం. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. వాడికి క్వాంటం కథగా తెలుగులోనూ, లెక్కగా ఇంగ్లీషులోనూ అందుతుంది. రెంటికీ వంతెన ఉండదు. ఆ ఖాళీలోనే సంకల్పబల బేహారులు దుకాణం తెరుస్తారు.

వంతెనకు కావలసిన సరుకు మన చుట్టూనే ఉంది. వానలు మొహం చాటేసే ఈ జిల్లాలో ఎండకు కొదవ లేదు. నంబులపూలకుంటలో ఆ ఎండతోనే కరెంటు తీస్తున్నారు. సిలికానులో ఎలక్ట్రానును విడిపించడానికి సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాను శక్తి ఆ ప్రమాణంలో వస్తుంది. అంటే దాదాపు 1,100 నానోమీటర్లు దాటిన కాంతి ఎంత తీవ్రంగా పడినా ఆ పలకకు నిరుపయోగమే. కాంతి విడివిడి పొట్లాలుగా వస్తుందన్న మాటకు కదిరి ప్రాంతపు పిల్లవాడికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంది?

మిత్రులకు నా మనవి ఒక్కటే. క్వాంటం మీద ఏది రాసినా, అందులో ఒక్క లెక్క తెలుగులో పూర్తిగా, ప్రమాణాలతో సహా చేసి చూపండి. పదిమంది పాఠకులు తగ్గితే తగ్గనివ్వండి. మిగిలినవారిని మాటలతో మభ్యపెట్టడం ఎవరి తరమూ కాదు.