చీటీ పోతే చికిత్స మొదటికి

సిద్దిపేటకు 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ప్రజలు సంతోషించారు. అయితే వైద్యమంటే సూది, మందు మాత్రమే కాదు. రోగి వివరాలు సక్రమంగా రాసి, భద్రపరచి, అడిగిన వెంటనే తీసి ఇవ్వడం కూడా వైద్యమే. చీటీ పోగొట్టుకున్న రైతు హైదరాబాదు పెద్దాసుపత్రికి పోతే పరీక్షలు మళ్లీ మొదటికి వస్తాయి. ఏ మందు పడదో తెలియకపోతే ప్రాణానికే ముప్పు.

2021లో కేంద్రం 14 అంకెల ఆరోగ్య సంఖ్యను దేశమంతటా ప్రవేశపెట్టింది. రికార్డు తప్పుల తడక అయితే సంఖ్య ఉండి ఏమి లాభం? జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోడ్ వేయడం, రోగి గుట్టు కాపాడడం నేర్చుకోవలసిన విద్యలు.

ఇంటర్ చదివిన పల్లె పిల్లలు మెడికల్ రికార్డుల కోర్సును చిన్నచూపు చూడరాదు. ఆసుపత్రులు కూడా శిక్షణ పొందినవారికే ఈ పని అప్పగించాలి. అధికారులు ఈ విషయంపై శ్రద్ధ వహించాలి.