ముందు రంధ్రం అంచు చూడండి

బండి ఇంజిన్ హెడ్డును పోర్టింగ్‌కి, అంటే గాలి దారులు అరగదీసి సాఫీ చేయడానికి, ఇస్తే పనయ్యాక లోపల అద్దంలా మెరుస్తుంది. గాలి ఎంత పెరిగిందని అడగండి, ‘తోలి చూడండి సార్, మీకే తెలుస్తుంది’ అంటారు. లేతు మీద బతికేవాణ్ణి, ఈ జవాబు నాకు సరిపోదు. కొలవాలి.

కొలిచే బెంచి కోసం లక్షలు పోయక్కర్లేదు. పాత వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు, ప్లైవుడ్ పెట్టె, నీళ్లు పోసిన ప్లాస్టిక్ గొట్టం ఉంటే చాలు. కీలకమంతా లోపల బిగించే ఆరిఫైస్ ప్లేటులోనే ఉంది. హెడ్డులోంచి వచ్చిన గాలి మొత్తం ఆ ప్లేటు రంధ్రంలోంచే పోవాలి. రంధ్రానికి ఇటూ అటూ పీడనం ఎంత తేడా ఉందో గొట్టంలో నీళ్లు చూపిస్తాయి. ఆ తేడా నాలుగింతలైతే గాలి పెరిగేది రెండింతలే.

రంధ్రం డ్రిల్లు వేసి వదిలేసేది కాదు, బోరు చేయాలి. గాలి తగిలే వైపు అంచు మీద గోరు గీస్తే పొట్టు లేవాలి. చాంఫరు వెనకవైపే. పదునైన అంచు దాటాక గాలి ముడుచుకుని, రంధ్రం కంటే సన్నటి ధారగా పోతుంది. అందుకే పుస్తకం లెక్కలో 60 శాతం పైచిలుకే వస్తుంది. బాగుంటుందని ఎమెరీతో అంచు రుద్దారా, ఆ లెక్క పోయినట్టే. గాలి సులువుగా జారిపోతుంది, నీటిమట్టం తేడా తగ్గుతుంది, బెంచి తక్కువ చూపిస్తుంది. వ్యాసంలో ఒక శాతం తప్పితే ప్రవాహంలో రెండు శాతం తప్పుతుంది.

ముందు హెడ్డు పెట్టే చోటు మూసేసి మోటార్లు వేయండి, పెట్టె కీళ్లలో లీకులు బయటపడతాయి. తర్వాత అదే చోట రంధ్రం కొలత తెలిసిన ప్లేటు పెట్టండి. 25 మిల్లీమీటర్ల పదునైన రంధ్రం 28 అంగుళాల నీటి పీడనం దగ్గర సెకనుకు సుమారు 32 లీటర్ల గాలి వదలాలి. పెద్దవీ చిన్నవీ మరికొన్ని పెట్టి చూడాలి. ఒక్క సైజు కలిసిందని నమ్మడానికి లేదు.

పీడనం చెప్పకుండా అంకె చెప్పేవాళ్లనూ నమ్మకండి. 10 అంగుళాల దగ్గర 100 చూపిన హెడ్డే 28 దగ్గర 167 చూపిస్తుంది. హెడ్డులో మారింది ఏమీ లేదు.

మన డిప్లొమా పిల్లలు ఆరిఫైస్ మీటరు ప్రయోగం ఎలాగూ చేస్తారు, ఎవరో బిగించి ఇచ్చిన ప్లేటుతో, నీళ్లతో. ఆ ప్లేటు వాళ్ల చేతే లేతు మీద చేయించండి. ఒకటి పదును అంచుతో, ఒకటి రుద్దిన అంచుతో. రెండింటి తేడా వాళ్లే కొలిచి రికార్డులో రాయాలి. మంచి ప్లేట్లు కాలేజీలోనే ఉంచి, ఊళ్లో పోర్టింగ్ చేసేవాళ్లు తమ ప్లేట్లు తెచ్చి వాటితో సరిచూసుకునే వీలు కల్పించండి.